సజీవ వంట సరుకు

మా నందనవనం రెసిడెన్సీలో జంతువులంటే ఎవరికీ ద్వేషం లేదు. ఆ మాట ముందే చెప్పాలి. లిఫ్టు పక్కన అంటించిన నోటీసులో కూడా అదే ఉంది. "జంతువుల యెడల అసోసియేషనుకు అపారమైన ప్రేమ కలదు. కావున వాటిని ఆవరణలోనికి అనుమతించడము లేదు." కింద అధ్యక్షులు కోదండపాణి గారి సంతకం. ఆ కింద ఆయన పూర్వపు హోదా: అసిస్టెంట్ కంట్రోలర్, తూనికలు కొలతల శాఖ, రిటైర్డ్.

షరతు కొత్తదేమీ కాదు. ఆరేళ్ళ కిందట అద్దెకు దిగినప్పుడు నేను సంతకం పెట్టిన కాగితంలో పద్నాలుగోది అదే. ఇన్నాళ్ళూ అది ఎవరికీ గుర్తు లేదు. ఈ ఆగస్టులో గుర్తు రావడానికి కారణం ఒక షీల్డు. కాకినాడ అపార్టుమెంట్ల సమాఖ్య ఈ ఏడాది నుంచి 'ఆదర్శ నివాస సముదాయం' అని ఒక షీల్డు ఇస్తుందట. తడి చెత్త, పొడి చెత్త కింద మాకు రావలసిన మార్కులు ఎలాగూ పోయాయి. లిఫ్టు మీద ఎవరికీ ఆశ లేదు. మిగిలింది 'పెంపుడు జంతువులు లేని ఆవరణ' అన్న అంశం ఒక్కటే. దానికి ఇరవై మార్కులు.

నా ఫ్లాటులో ఒక కోడి ఉంది.

నాటుకోడి పెట్ట. కిందటి ఏడాది మా ఆవిడ తాయారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారం, ఒంట్లోకి బలం రావాలంటే సూపు పట్టాలని ఆమె తమ్ముడు సంత నుంచి కాళ్ళు కట్టి తెచ్చాడు. తాయారు దాన్ని చూసి ముందు కట్లు విప్పమంది. "ఇవాళ వద్దులెండి, రేపు చూద్దాం" అంది. మర్నాడూ అదే మాట. రోజూ అదే మాట అంటూ ఉండగా నాలుగు నెలలు గడిచాయి. డిసెంబరు పదకొండున తాయారు పోయింది. కోడి ఉంది.

దానికి తాయారు ఒక పేరు పెట్టింది. వరండాలో నిలబడి పిలిచేది, అది ఎక్కడున్నా వచ్చేది. నేను ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. ఆమె ఉండగా పిలవడానికి ఆమె ఉంది. తరవాత నాకు నోరు రాలేదు.

ఒక ఆదివారం పొద్దున కమిటీ వచ్చింది. అధ్యక్షులు కోదండపాణి గారు, మినిట్స్ పుస్తకంతో సెక్రటరీ హైమవతి గారు, వెనక నా ఎదురు ఫ్లాటు బుల్లిరాజు. రొయ్య పిల్లల వ్యాపారం ఆయనది. కమిటీలో సభ్యుడు. ఆయన స్టోరు గదిలో రెండు కుందేళ్ళున్న సంగతి నాకు తెలుసు, నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలుసు. అందుకని ఆయన నా గోడ మీద క్యాలెండరుకేసి చూస్తూ నిలబడ్డాడు.

కోడి హాలు మధ్యలో నూకలు తింటోంది.

"ముందు నిర్వచనం," అన్నారు కోదండపాణి గారు. "నిర్వచనం లేనిదే నేరం లేదు మాస్టారూ. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నిర్వచనం లేకుండా నేను ఒక్క తక్కెడని కూడా పట్టుకోలేదు. హైమవతి గారూ, చదవండి."

ఆవిడ చదివింది. "పెంపుడు జంతువనగా, ఇంటియందు నివసించుచు, ఇంటి తిండి తినుచు, పేరు పెట్టి పిలిచిన యెడల వచ్చునది."

"ఆ లెక్కన మా ఇంట్లో నేనేనండి," అన్నాడు బుల్లిరాజు.

"పిలిస్తే వస్తారేంటండి మీరు? మీ ఆవిడ ఎప్పుడూ చెప్పలేదే," అంది హైమవతి గారు.

ఈ రెండు మాటలూ మినిట్స్‌లోకి వెళ్ళలేదు.

ఇంట్లో ఉండడం, ఇంటి తిండి తినడం కళ్ళ ముందే రుజువయ్యాయి. మూడోది తేలాలి. అందుకు కమిటీ సిద్ధపడే వచ్చింది. హైమవతి గారి దగ్గర ఇరవై పేర్ల జాబితా ఉంది. కోదండపాణి గారు చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, కోడికి నాలుగడుగుల దూరంలో నిలబడి "బంగారం" అని పిలిచారు. తరవాత "చిట్టి" అన్నారు. "పింకీ" అన్నారు. ఒక్కొక్క పేరుకీ మధ్య పది సెకన్లు వాచీ చూసుకుని ఆగారు. కోడి మధ్యలో ఒకసారి ఆయన చెప్పుల దగ్గరికి వచ్చింది గానీ, అది 'సుందరి'కీ 'బుజ్జమ్మ'కీ మధ్య ఖాళీలో జరిగింది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

ఇరవై పేర్లూ అయిపోయాయి. అసలు పేరు వాళ్ళ జాబితాలో లేదు.

"మాస్టారూ, మీరు దీన్ని ఏమని పిలుస్తారు?"

"నేను ఏమనీ పిలవనండి."

అది అబద్ధం కాదు. అబద్ధానికీ సగం నిజానికీ తేడా ఏమిటో పాతికేళ్ళుగా తరగతిలో చెబుతున్నాను. ఆ రోజు సగమే చెప్పాను. హైమవతి గారి కలం ఒక్క క్షణం ఆగింది. ఆవిడ వరండా వైపు చూసింది. మళ్ళీ రాసుకుంది.

"పెంపుడు జంతువు కాదు," అన్నారు కోదండపాణి గారు, కొంచెం నిరాశగా. "మరి ఏంటిది? ఏ పని మీద వచ్చింది ఈ ఇంటికి?"

"సూపు కోసమండి. మా బావమరిది తెచ్చాడు."

ఆయన మొహం వికసించింది. నేను ఆయన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

"అలా చెప్పండి మరి. ఇది జంతువే కాదు. ఇది సరుకు. బియ్యం లాగా, పప్పు లాగా. వంట సరుకు ఎవరింట్లోనైనా ఉండొచ్చు. కాకపోతే సజీవంగా ఉంది."

"ఉంటే ఇబ్బందేం లేదాండీ?" అన్నాడు బుల్లిరాజు, మొదటిసారి క్యాలెండరు మీంచి చూపు తిప్పి.

"సరుకు ఏ స్థితిలో ఉందన్నది మనకనవసరం. లేబులు ఉందా లేదా, అంతే."

ఆయన పైకి వెళ్ళి స్ప్రింగు కాటా తెచ్చారు. ప్రభుత్వ ముద్ర ఉన్నదే. కోడిని గుడ్డ సంచిలో పెట్టి తూచారు. సంచి బరువు తీసేసి, ఒక అట్టముక్క మీద ఆయనే స్వయంగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. సరుకు: కోడి. నికర బరువు: ఒక కిలో ఎనిమిది వందల యాభై గ్రాములు, ఈకలతో సహా. తెచ్చిన నెల: ఆగస్టు, కిందటి సంవత్సరం. గడువు తేదీ దగ్గర కలం ఆపి నాకేసి చూశారు.

"ఎప్పుడు వండుతారు?"

"రేపు చూద్దామండి," అన్నాను. ఆ మాట నాది కాదు. నోటికి అదే వచ్చింది.

"రేపు అనేది తేదీ కాదు మాస్టారూ."

అప్పుడు హైమవతి గారు పుస్తకంలోంచి తల ఎత్తకుండా అంది: "ఏడాది తిరగలేదు కదండీ ఈ ఇంట్లో. సంవత్సరికం అయ్యేదాకా మాంసం వండరేమో."

మా అక్క నిజంగానే ఆ నియమం పెట్టి వెళ్ళింది. నేను తల ఊపాను. కోదండపాణి గారు కూడా తల ఊపారు. సమస్య అర్థమయ్యాక ఆయన చాలా సానుభూతిపరులు. "గడువు: డిసెంబరు 11" అని రాసి, అట్టముక్కని కోడి కాలికి పురికొసతో కట్టించారు. కట్టినవాడు వాచ్‌మన్ అప్పలకొండ. శ్రీకాకుళం వైపు మనిషి. పొద్దున్నే నేను బడికి వెళ్ళే తొందరలో ఉంటే కోడికి నూకలు వేసేది అతనే.

"దీనికేటి బాబూ ఈ కర్మ," అన్నాడు మెల్లగా.

"కర్మ కాదయ్యా, సమాచారం," అన్నారు కోదండపాణి గారు.

పది రోజులకి నాకొక మెమో వచ్చింది.

"మీ ధర్మపత్ని గారి మరణము డిసెంబరు 11న సంభవించినట్లు తెలియజేసియున్నారు. అయితే సంవత్సరికము తిథిని అనుసరించి జరుగును గాని ఇంగ్లీషు తేదీని అనుసరించి కాదు. పంచాంగమును పరిశీలించగా సదరు తిథి, అనగా మార్గశిర శుద్ధ దశమి, ఈ సంవత్సరము నవంబరు 30న వచ్చుచున్నది. కావున మీ శోక కాలము నవంబరు 30తో ముగియునట్లు నిర్ణయించి, సరుకు గడువును ఆ తేదీకి కుదించడమైనది. పొడిగింపు కోరరాదు."

పదకొండు రోజులు తగ్గాయి. లెక్క తప్పు కాదు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. మెమోని మడిచి, తాయారు మందుల చీటీలున్న ఫైలులో పెట్టాను. శోకం గురించి నా దగ్గర ఉన్న కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి.

సెప్టెంబరులో మొదటి తనిఖీ జరిగింది. కోడి బరువు నూట ఇరవై గ్రాములు పెరిగింది. కోదండపాణి గారు చాలాసేపు కాటా కేసి చూశారు. "సరుకు నిలవ ఉంటే తరుగు రావాలి. తరుగుకి నేను ఎంతైనా ఒప్పుకుంటాను. పెరగడం ఏంటండీ? బయట సరుకు కలిస్తే తప్ప పెరగదు. దీన్ని మా శాఖలో కల్తీ అంటాం."

"నూకలు తిందండి," అన్నాను.

"అంటే ఒక సరుకు ఇంకో సరుకుని తిందంటారా?"

"అవునండి."

"రాసుకోండి హైమవతి గారూ. అంతర్గత బదిలీ."

అక్టోబరులో కోడి గుడ్డు పెట్టింది. దాన్ని నేను దాచలేదు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, నివాస సముదాయంలో ఉత్పత్తి కార్యకలాపాలు నిషిద్ధమనీ, అయితే ఇది యజమాని ప్రోత్సాహం లేకుండా సరుకు తనంతట తాను చేసిన పని కాబట్టి మొదటి తప్పుగా మన్నిస్తున్నామనీ తీర్మానించింది. గుడ్డు మీద తేదీ ముద్ర వేశారు. కోడి మర్నాడు ఇంకొకటి పెట్టింది.

ఈలోగా నా కోడికి దొరికిన హోదా గురించి అయిదు అంతస్తుల్లోనూ తెలిసిపోయింది. ముందుగా బుల్లిరాజు స్టోరు గది తలుపు తీశాడు. రెండు కుందేళ్ళు, మెడలో లేబుళ్ళతో, వరండాలోకి వచ్చి ఎండలో కూర్చున్నాయి. నికర బరువు, గడువు, అన్నీ ఉన్నాయి. అయిదో అంతస్తులో వాళ్ళ మేక పిల్లని 'మొక్కు సరుకు' అన్నారు. దాని గడువు అమ్మవారి జాతర. అది టెర్రసు మీద ఆరబెట్టిన బట్టల్ని తింటే అంతర్గత బదిలీ కిందే రాశారు. రెండు వందల మూడులో గాజుతొట్టి నిండా ఎర్రచేపలున్నాయి. ఆ ఇంటి ఇల్లాలు వాటిని 'వేపుడుకి' అని నమోదు చేయించింది. వాళ్ళ చిన్నపాప ఆ రోజంతా అన్నం తినలేదు.

నూట ఒకటిలో కుక్క దగ్గర చిక్కు వచ్చింది. కుక్కని వంట సరుకు అనడానికి యజమాని ఒప్పుకోలేదు. కోదండపాణి గారు రెండు రాత్రులు ఆలోచించి, అది 'శబ్ద పరికరం' అని తేల్చారు. అపరిచితుడు వస్తే మోగుతుంది కాబట్టి. పరికరమన్నాక ప్రమాణం ఉండాలి. పాలవాడికి ఒక్కసారి, కొరియరువాడికి రెండుసార్లు, దొంగకి ఆగకుండా మొరగాలని నిర్ణయించి, నెలకోసారి పరీక్షించడం మొదలుపెట్టారు. పరీక్షలో దొంగగా అప్పలకొండని గోడ దూకించేవారు. కుక్కకి అప్పలకొండ అంటే ఇష్టం. తోక ఊపేది. పరికరం చెడిపోయిందని నోటీసు ఇచ్చారు.

అసలు గొడవ గడువుల దగ్గర వచ్చింది. సరుకన్నాక గడువు రావాలి కదా. కుందేళ్ళ గడువు ముందుగా వచ్చింది. బుల్లిరాజు పొద్దున్నే నా తలుపు తట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాస్టారూ, మీరు ఏం చెప్పి గడువు తెచ్చుకున్నారో నాకు కాస్త రాసి పెట్టరా. తమరు తెలుగు మాస్టారు కదండీ, మాటలు బాగా కుదురుతాయి."

"నేనేం చెప్పలేదండి. మా ఇంట్లో మనిషి పోయింది."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మా నాయనమ్మ పోయిందండి."

"ఎప్పుడండీ?"

"నేను ఆరో తరగతిలో ఉండగా. కానీ చాలా ప్రేమగా చూసేదండి మాస్టారూ, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ..." అని ఆగి, పైకండువాతో ముక్కు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. ఏది నాయనమ్మ కోసం, ఏది కుందేళ్ళ కోసం అని నేను అడగలేదు.

దరఖాస్తు రాసిచ్చాను. నాయనమ్మ మీద రెండు పేజీలు. కమిటీ దానికి నలభై రోజులు మంజూరు చేసింది.

ఆ తరవాత మా అపార్టుమెంటులో శోకం పెరిగింది. మేనత్తలు, పినతాతలు, ఎప్పుడో పెళ్ళిలో ఒకసారి చూసిన తోడల్లుళ్ళు, అందరూ వరసగా గుర్తుకొచ్చారు. గోడల మీద పాత ఫోటోలకి కొత్త దండలు పడ్డాయి. నోటీసు బోర్డు పక్కన నిలబడి ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. "మీకేం వదినా, మీ పెద్దమామగారు ఉన్నారు మంచంలో. మాకు ఆ ఆశ కూడా లేదు."

దరఖాస్తులు తట్టుకోలేక కమిటీ ఒక పట్టిక తయారు చేసింది. తల్లిదండ్రులకి ఏడాది. అన్నదమ్ములకి మూడు నెలలు, మాట్లాడుకోని అన్నదమ్ములైతే ఒక నెల. అత్తగారికి మూడు నెలలు, కోడలు కోరితే తగ్గించబడును. వియ్యంకుడికి దరఖాస్తును బట్టి. భార్య అన్న చోట 'ఒక సంవత్సరము' అని రాసి, పక్కనే చిన్న అక్షరాలతో 'పునర్వివాహము జరిగిన యెడల ఆ తేదీతో ముగియును' అని రాశారు. పట్టికని లిఫ్టులో అంటించారు. రోజూ బడికి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ మూడు అంతస్తుల మేర దాన్ని చదువుకునే అవకాశం నాకు కలిగింది.

నవంబరు ముప్పై ఆదివారం. తెల్లవారుజామున బావమరిదితో కోటిపల్లి రేవుకి వెళ్ళి, గోదావరిలో పిండాలు కలిపి, పదకొండు గంటలకి తిరిగొచ్చాను. బావమరిది అటునుంచి అటే వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. తడి పంచె సంచిలో పెట్టుకుని మూడో అంతస్తులో దిగేసరికి నా గుమ్మం ముందు జనం ఉన్నారు. సమాఖ్య పరిశీలకులు షీల్డు తనిఖీకి వచ్చారు. నేనే తాళం తీసి లోపలికి పిలిచాను. ఇంటికొచ్చినవాళ్ళని బయట నిలబెట్టలేం కదా.

పరిశీలకులు ముగ్గురు. పెద్దాయన జోగారావు గారు తాయారు పేము కుర్చీలో కూర్చున్నారు. కోదండపాణి గారు అప్పటికే కింది అంతస్తులన్నీ చూపించి ఉత్సాహంగా ఉన్నారు.

"ఈ ఆవరణలో ఒక్క పెంపుడు జంతువు కూడా లేదండి. ఉన్నదంతా లేబులు వేసిన సరుకు, పరికరాలు."

"అద్భుతం," అన్నారు జోగారావు గారు. వంగి కోడి కాలి లేబులు కళ్ళద్దాలు సరిచేసుకుని చదివారు. "గడువు ఇవాళే."

"ఇవాళేనండి. సాయంత్రం లోపల వినియోగం అయిపోతుంది."

"సాయంత్రం దాటితే కాలం చెల్లిన సరుకు ఆవరణలో నిలవ ఉన్నట్టు అవుతుంది. ఇరవై మార్కులూ పోతాయి." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఏం పర్లేదు. వినియోగం చూసే వెళ్తాం."

కోదండపాణి గారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళారు. "మాస్టారూ, ఒక్క గంట పని. మీ శోకం కూడా ఇవాళ్టితో అయిపోయింది కదా. కాగితం మీద కూడా ఉంది."

"ఇవాళ వద్దండి," అన్నాను.

"ఇవాళ కాకపోతే ఇక లేదు. కాలం చెల్లిన సరుకుని స్వాధీనం చేసుకుని ధ్వంసం చెయ్యాలి. అది నా చేతుల్లో కూడా లేదు. అప్పలకొండా!"

అప్పలకొండ వీధి గుమ్మంలోకి వచ్చాడు. సంగతి విన్నాడు.

"నాను కొయ్యనండి బాబూ. పొద్దున్నే లేచి నానే నూకలేత్తన్నాను దానికి. ఆ సేత్తో ఈ పనెలగ సేత్తానండి?"

"సరుకు మీద మమకారం ఏంటయ్యా?"

"సరుకని తమరన్నారు. నానెప్పుడన్నాను?" అని అతను గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎందుకు జరిగాడో నేను తరవాత కూడా అడగలేదు. కోడి ఆ దారినే బయటికి వెళ్ళిపోయింది.

మెట్లు దిగడం దానికి కొత్త కాదు. తాయారు వెనకాల దిగి నేర్చుకుంది. రెండో అంతస్తులో తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోకీ వెళ్ళింది, ఒక నిమిషం ఉండి బయటికి వచ్చింది. దాని వెనక కమిటీ, సమాఖ్య, చుట్టుపక్కలవాళ్ళు. "అటు పోయింది, ఇటు పట్టండి" అని అరుపులు. బుల్లిరాజు రొయ్యల వల తెచ్చాడు. దానిలో మొదట పడింది కోదండపాణి గారు. నూట ఒకటిలో శబ్ద పరికరం ఆగకుండా మోగింది. పరికరం అయ్యాక మొదటిసారి సక్రమంగా పనిచేసింది.

కోడి కారు పార్కింగులోకి దిగింది. అక్కణ్ణించి ఏటవాలు దారి ఎక్కితే గేటు. పరిశీలకుల కారు కోసం గేటు తీసి ఉంచారు. గేటు అవతల పోర్టు రోడ్డు. బియ్యం లారీలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. అరుపులకి బెదిరి అది గేటు వైపే పరిగెడుతోంది. కాలికి అట్టముక్క కొట్టుకుంటోంది.

నేను మెట్ల కింద నిలబడి ఉన్నాను. పిలిస్తే అది పెంపుడు జంతువు. పద్నాలుగో షరతు. తాయారు అయిదేళ్ళు తిరిగిన వంటిల్లు, ఆమె నిలబడిన వరండా, అన్నీ ఖాళీ చెయ్యాలి. పిలవకపోతే అది సరుకు. లారీ కింద పడినా తరుగు కింద రాస్తారు.

"పేరంటాలూ," అన్నాను. "రావమ్మా."

తాయారు రెండుసార్లు పిలిచేది. నేనూ రెండోసారి పిలిచాను.

కోడి ఆగింది. మెడ తిప్పి చూసింది. తరవాత ఆ జనం మధ్య నుంచి, ఎవరి వైపూ చూడకుండా, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడింది. ఏ ఇంటి తలుపు తీసి ఉంటే ఆ ఇంట్లోకి పేరంటానికి వచ్చినట్టు వెళుతుందని తాయారు దానికి ఆ పేరు పెట్టింది.

వల విదిలించుకుంటూ కోదండపాణి గారు ముందుకు వచ్చారు. ఆయనకి కోపం రాలేదు. బాధపడ్డారు.

"పేరు ఉందన్నమాట మాస్టారూ."

"ఉందండి."

"పిలవనని చెప్పారు నాతో."

"ఇప్పటిదాకా పిలవలేదండి."

హైమవతి గారు మినిట్స్ పుస్తకం మూసింది. "ఆ పేరు నాకు తెలుసండి. ఆవిడ పిలుస్తుంటే రోజూ వినేదాన్ని. ఆ రోజు జాబితాలో రాయలేదు."

"నాకూ తెలుసునండి," అన్నాడు బుల్లిరాజు.

"ఈ బిల్డింగులో ఎవులికి తెల్దు బాబూ," అన్నాడు అప్పలకొండ.

కోదండపాణి గారు అందరి మొహాలూ చూశారు. అధ్యక్షుడికి తెలియనిది అందరికీ తెలియడం మీద బైలాల్లో ఏమీ లేదు. ఆయన జోగారావు గారి వైపు తిరిగి, పెంపుడు జంతువును వినియోగించడానికి గానీ ధ్వంసం చెయ్యడానికి గానీ నిబంధనలు ఒప్పుకోవనీ, అద్దెదారుతో సహా ఆవరణ నుంచి తొలగించడమొక్కటే మార్గమనీ వివరించారు. జోగారావు గారు ఒప్పుకున్నారు. తమ కళ్ళ ముందే నేరాన్ని కనిపెట్టి, అక్కడికక్కడే చర్య తీసుకున్న సముదాయాన్ని ఆయన ఇంతకుముందు చూడలేదట. ఇరవైకి ఇరవై వేశారు.

షీల్డు ఇప్పుడు లిఫ్టు ముందు అద్దాల పెట్టెలో ఉంది.

ఇలాంటిది మళ్ళీ జరగకుండా, ఆవరణలో ఏ ప్రాణినీ పేరు పెట్టి పిలవరాదని మర్నాడే కొత్త నియమం వచ్చింది. అందరికీ ఒకే న్యాయం కావాలి కాబట్టి పిల్లలకి కూడా మినహాయింపు ఇవ్వలేదు. సాయంత్రం బడి నుంచి వస్తుంటే రెండో అంతస్తు వరండాలోంచి ఒక తల్లి పిలుస్తోంది. "రెండు వందల మూడు బీ, పాలు చల్లారిపోతున్నాయి రావే." పాప వెంటనే వచ్చింది. నియమం బాగానే పనిచేస్తోంది.

నాకు ఇచ్చిన ఫారం రెండు పేజీలు. హైమవతి గారే తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, బడి వెనక వీధిలో పెంకుటిల్లు ఒకటి ఖాళీగా ఉందనీ, పెరడు ఉందనీ, ఇంటావిడ తనకి తెలుసనీ చెప్పింది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆవిడ చేతిలో పుస్తకం లేదు.

జంతువు జాతి అన్న చోట కోడి అని రాశాను. పేరు అన్న చోట పేరంటాలు. పేరు పెట్టినవారు అన్న చోట మంగతాయారు. ఆ పేరు నేను రాసి ఏడాది కావస్తోంది. కిందటిసారి రాసింది మునిసిపల్ ఆఫీసు ఫారంలో.

ఖాళీ చేయు తేదీ అన్న చోట చాలాసేపు ఆగి, 'రేపు చూద్దాం' అని రాశాను. కోదండపాణి గారు ఫారం తిప్పి పంపారు. రేపు అనేది తేదీ కాదని పక్కన ఎర్ర సిరాతో గుర్తు చేశారు. ఆయన చెప్పింది నిజమే. కొట్టేసి, డిసెంబరు పదకొండు అని రాశాను.

మెమోలో కుదించిన ఆ పదకొండు రోజులూ ఆయనే నాకు బాకీ. ఆ మాట ఫారంలో రాయడానికి చోటు లేదు. పొద్దున్నే వరండాలో నిలబడి రెండుసార్లు పిలిచాను, నియమానికి విరుద్ధంగా, పేరు పెట్టి.